పెదవుల మీద పేరు

హెరాల్డ్ డానట్ గారి బఠానీల కార్ఖానాలో మాట వినబడదు. డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పరుగెడుతుంటే, ఆ హోరులో ఆడవాళ్లు గొంతు వాడటం ఎప్పుడో మానేశారు. పెదవులు కదుపుతారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. ఏడా ఆడ్లింగ్ వయసంతా అక్కడే గడిపింది. చెవులు పోగొట్టుకుని, ఆ విద్యతో ఇంటికి వచ్చింది.

ఆ శరత్కాలంలో డాక్టరు, ముసలామె క్రిస్మస్ దాకా ఉండకపోవచ్చని కూతురు ఎనిడ్‌తో చెప్పాడు. ఏడా కోరింది ఒక్కటే.

“ఈసారైనా మావాడి పేరు చదువుతారేమో కనుక్కోవే.”

యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే ఆదివారం నాడు, బజారు కూడలిలో రాతిస్తంభం ముందు ఊరంతా నిలబడుతుంది. ఆ రాయి వేయించింది డానట్ గారే. ఈతకొలను, అంబులెన్సు, ముసలివాళ్లకు వరస ఇళ్లు, అన్నీ ఆయన ఇచ్చినవే. యుద్ధంలో బాంబర్ విమానం నడిపి పతకం తెచ్చుకున్న మనిషి కనుక పేర్లు కూడా ఆయనే చదువుతాడు. ఏడా కొడుకు విల్ఫ్ ఆడ్లింగ్ పేరు అందులో లేదు.

విల్ఫ్‌ను తన ఊరివాడని ఏరికోరి తన విమానంలో తోక తుపాకుల దగ్గర కూర్చోబెట్టుకున్నది డానటే. ఒక రాత్రి పైన చలికి ఆ తుపాకులు బిగుసుకుపోయాయి. వాటిని బాగుచేసేదాకా మళ్లీ ఎక్కనని విల్ఫ్ అన్నాడు. పిరికివాడని డానట్ రాసిచ్చాడు. నలుగురి ముందు విల్ఫ్ చొక్కా మీద బిళ్ల పీకేసి, బొగ్గుగనికి పంపారు. ఆ చలికాలమే గని కప్పు కూలి విల్ఫ్ పోయాడు. అతని బదులు ఎక్కిన కుర్రవాడు అవే తుపాకుల వెనక కూర్చుని చచ్చిపోయాడు. అతని పేరు రాతి మీద ఉంది.

ఎనిడ్ కార్ఖానా ఆఫీసుకు వెళ్లింది.

“రాతి మీద చెక్కమనట్లేదు డానట్ గారూ. ఒక్కసారి చదవండి. అమ్మ కోసం.”

“మీ అమ్మకి వినబడదు కదమ్మా.”

“ఆవిడకి చెవులెందుకండీ? మీ కార్ఖానా మనిషి.”

ఆయన నవ్వాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

“అప్పట్లో నేనూ కుర్రాణ్ణే, ఎనిడ్.”

“వాడు మీకన్నా చిన్నవాడండి.”

“సరే. మీ అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టు. మాటిస్తున్నాను,” అన్నాడు చివరికి.

ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. ఎనిడ్ తల్లిని చక్రాల కుర్చీలో తీసుకెళ్లి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, స్తంభానికి ఎదురుగా పెట్టింది. డానట్ టోపీ తీసి పేర్లు మొదలుపెట్టాడు. మంచి గొంతు. ఆ చివర మాంసం కొట్టు దాకా వినబడుతుంది.

మోటన్ అనే పేరు చదివి ఆగాడు. ఆయన తలెత్తి ఏడా వైపు తిన్నగా చూశాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. మళ్లీ తల దించి, “పిక్‌వర్త్,” అని గట్టిగా చదివాడు.

వెనక ఎవరో ఆవిడ ముక్కు చీదింది. “పాపం, గొంతు పూడుకుపోయింది. ఇన్నేళ్లయినా ఎంత ప్రేమో చూడు, ఆ పిల్లలంటే.”

ఏడా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అన్నాడే. విల్ఫ్ ఆడ్లింగ్ అన్నాడు. చూశావా?”

“చూశానమ్మా.”

తర్వాత హాల్లో టీ. అదీ ఆయన కట్టించిందే. తల్లి చెప్పిందని ఎనిడ్ పొద్దున్నే ఎండుద్రాక్షల రొట్టె చేసి తెచ్చింది. డానట్ అందరినీ పలకరిస్తూ వచ్చి కుర్చీ ముందు వంగాడు. ఏడా ఆయన కుడిచెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది.

“చల్లగా ఉండు బాబూ. ఊరందరూ వినేట్టు అన్నావు.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎనిడ్ ఆయన పక్కకు జరిగి మెల్లగా అంది.

“అమ్మకి చెవుల్లేవు. నాకున్నాయి.”

“నువ్వడిగింది మీ అమ్మ కోసమే కదా ఎనిడ్. ఆవిడ మొహం చూడు,” అన్నాడు ఆయన, అంతే మెల్లగా. ఆ వెంటనే మేయరు పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

ఎనిడ్ తల్లి మొహం చూసింది. అన్న పోయాక ఆ మొహం అలా వెలగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

బల్ల దగ్గర నెల్లీ చెఫింగ్స్ కప్పులు సర్దుతోంది. కార్ఖానాలో ఏడా పక్కనే నిలబడి పనిచేసిన మనిషి. ఇప్పుడు డానట్ ఇచ్చిన వరస ఇళ్లలో ఉంటోంది.

“నెల్లీ పిన్నీ, నువ్వూ ముందే ఉన్నావుగా. ఆయన పేరు అన్నాడా?”

నెల్లీ చుట్టూ చూసింది. మేయరు పక్కన డానట్ నవ్వుతున్నాడు. “అన్నాడు. గొంతు లేకుండా,” అని నెల్లీ పెదవులు మాత్రం కదిపింది. తర్వాత నలుగురికీ వినబడేలా, “రొట్టె భలే కుదిరిందే పిల్లా. కోసి పెట్టు, జనం చూస్తున్నారు,” అంది.

ఎనిడ్ కత్తి తీసుకుంది. హాలు ఆ చివర నుంచి తల్లి ఆమెనే చూస్తోంది. ఆ గోలలో మాట ఇక్కడిదాకా రాదు. పెదవులు కదిలాయి.

“ముందు ఆయనకి.”

ఎనిడ్ మొదటి ముక్క పళ్లెంలో పెట్టి, ఆయన దగ్గరికి తీసుకెళ్లింది.