చేతికి తెలియని వేడి

నేను ఒక పోత ఇనుప దాకను. మూతతో కలిపి ఏడు కిలోల బరువు. రాజమండ్రి దగ్గర ఒక కార్ఖానాలో ఇనుము కరిగించి, ఇసుక అచ్చులో నన్ను పోశారు. నన్ను మొదట కొన్నది ఒక భోజన హోటలువాడు. నాలో చింతపండు పులుసు కాచి, నల్లబడిందని నన్నే తిట్టాడు. ఇనుముకూ పులుపుకూ పడదని అతనికి తెలియదు. తెలియనితనం మనుషులది, చెడ్డపేరు గిన్నెలది. చివరకు విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టుకు చేరి, నాలుగేళ్లు తుప్పు పట్టాను.

ఒకరోజు దేవసహాయం ఆ కొట్టుకు వచ్చాడు. అరవై మూడేళ్ల మనిషి. సరుకు ఓడల మీద ఇరవై ఎనిమిదేళ్లు రొట్టెలు కాల్చి, అప్పటికి ఏడాది కిందటే కొలువు విరమించాడు. నన్ను బోర్లించి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎక్కడైనా బీట ఉంటే మోత చీలినట్టు వస్తుంది. నా మోత నిండుగా వచ్చింది. మూత పెట్టి అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు. తుప్పు సంగతి అడగనైనా అడగలేదు.

"ఏటండీ ఇది, ఇంత బరువు! దీన్ని ఎవులు ఎత్తుతారు?" అంది ఇంట్లో ఆయన భార్య మార్తమ్మ.

"బరువుండాలే. మూత గట్టిగా కూకుంటే ఆవిరి బయటికి పోదు. ఆవిరుంటేనే రొట్టె పొంగుతాది," అన్నాడాయన.

బూడిదతో, కొబ్బరి పీచుతో రెండు రోజులు తోమి, నూనె పట్టించి కాల్చి, నన్ను మళ్ళీ నల్లగా నిగనిగలాడేలా చేశాడు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆయన చేతి రొట్టె మార్తమ్మ ఒక్కసారీ తినలేదట. ఏ దేశంవాళ్ళో తిన్నారు. సెలవులకు వస్తే ఈమె వండిపెట్టేది, ఆయన తినేవాడు. ఆ బాకీ ఒకటి ఆయన మనసులో ఉండిపోయింది.

ఒక చిన్న ఓవెన్ కొన్నాడు. వెడల్పు మూతి గాజు సీసా ఒకటి తెచ్చి, అందులో పిండీ నీళ్ళూ కలిపి రోజూ కొంచెం తీసి కొంచెం వేస్తూ వారం పాటు పులియబెట్టాడు. బుడగలు లేచి పొంగిన ఆ పిండికి మార్తమ్మ తోడు పిండి అని పేరు పెట్టింది. పిండి ముద్దను పొంగనివ్వడానికి పాత పళ్ళబుట్టలో నూలు గుడ్డ పరిచాడు. పైన గాటు పెట్టడానికి గడ్డం బ్లేడు చాలన్నాడు.

"మరి కాటా?" అని అడిగిందామె.

"ఓడ ఊగుతుంటే కాటా ఏటి పనిచేస్తాది? నా చెయ్యే కాటా."

మొదటి రొట్టె అట్టులా పరుచుకుంది. రెండోది నా అడుగుకు అంటుకుపోయింది. పిండి మంచిది కాదన్నాడు, సముద్రపు గాలి తేమన్నాడు, మూడోసారి తప్పంతా నా మీదే వేశాడు. పిండి ఎంత జారుగా ఉందో ఆయన వేళ్ళకు తెలియడం లేదని నాకొక్కదానికే తెలుసు. నూనె పట్టిస్తున్నప్పుడు నా అంచు మీది గరుకు ముక్క ఆయన వేలిని కోసింది. నెత్తురు కారుతున్నా ఆయన అలాగే తుడుస్తూ పోయాడు. నాకు నోరుంటే ఆ రోజే అరిచేదాన్ని.

మార్తమ్మ పక్కింటి నుంచి ఎలక్ట్రానిక్ కాటా అడిగి తెచ్చింది. అది చూసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "నాకు తెల్దేటి? నువ్వు నేర్పుతావా నాకు?" అని దాన్ని బీరువా మీద పెట్టేశాడు.

నాలుగో రొట్టె నాడు జరిగింది అది. ఓవెన్‌లో నేను కణకణ కాలి ఉన్నాను. ఆయన గుడ్డ మడత పెట్టి నా మూత పట్టుకున్నాడు. ఎత్తేటప్పుడు గుడ్డ జారింది. ఆయన చూపుడు వేలు, బొటనవేలు నేరుగా నా ఇనుము మీద పడ్డాయి. తీయలేదు. మూత పట్టుకుని వంగి, రొట్టె ఎలా ఉందో తీరిగ్గా చూస్తున్నాడు.

"ఏటండీ ఆ కమురు వాసన?" అంది వరండాలోంచి మార్తమ్మ.

"రొట్టె అడుగు మాడుతున్నట్టుంది."

ఆమె లోపలికి వచ్చి చూసింది. "కింద ఎట్టేయండి! ఎట్టేయండి మూత!"

మూత దభీమని నేల మీద పడింది. ఆయన తన వేళ్ళను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. మార్తమ్మ ఆ చేతిని నీళ్ళ బకెట్‌లో ముంచి పట్టుకుంది. ఏడవలేదు. కాసేపటికి అడిగింది, "ఎన్నాళ్ల నుంచి?"

"ఓడ దిగకముందు నుంచీ. షుగర్ వల్లట."

"నాకు సెప్పలేదేం?"

"సెబితే ఇంకేటి మిగుల్తాది నాకు?"

కాల్చడమే నా పని. కానీ కాలుతున్నవాడికి తెలియకుండా కాల్చడం నాకు అదే మొదలు. పుండు మానలేదు. చీము పట్టి, అయిదు వారాల తర్వాత చూపుడు వేలు రెండు కణుపుల మేర తీసేశారు. వేడి జోలికి పోవద్దన్నాడు డాక్టరు. పోనని భార్యకు మాటిచ్చాడు దేవసహాయం.

మార్తమ్మ నన్ను పాత ఇనుముకు వేసేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. బీరువా మీది కాటా దింపింది. అయిదు వందల గ్రాముల పిండి, మూడు వందల యాభై నీళ్ళు, వంద తోడు పిండి, పది ఉప్పు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆమె అంకెలు చూసుకుంటూ కలిపింది. అరగంటకోసారి సాగదీసి మడిచింది. ఆ రొట్టె నా మూతను తాకేంతగా పొంగింది. ఆయన ఒక ముక్క తిని, బాగుందని చెప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంతకుముందు మూడు రొట్టెలు పాడైనప్పుడు కూడా ఆ ముఖం అంత చిన్నబోలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను ఓవెన్‌లో పెట్టి, మందులు తెస్తానని బజారుకు వెళ్ళింది మార్తమ్మ. పెద్ద వాన పట్టుకుంది. వేళ దాటింది. దేవసహాయం స్విచ్ కట్టేశాడు కానీ తలుపు తియ్యలేదు. స్విచ్ కట్టినంత మాత్రాన నాలోని వేడి పోదు. లోపల రొట్టె మాడుతూనే ఉంది. ఆయన నా ఎదురుగా పీట వేసుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు.

ఆమె తడిసి వచ్చేసరికి ఇల్లంతా పొగ.

"తీసేయాల్సింది కదండీ!"

"నీకు మాటిచ్చినాను కదా."

మార్తమ్మ తడి చీరతోనే నేల మీద చతికిలబడిపోయింది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ఆమె వెల్డింగ్ పనివాళ్ళు తొడుక్కునే తోలు గ్లౌజుల జత తెచ్చింది. మోచేతుల దాకా వచ్చేవి. కుడి చేతి దానిలో చూపుడు వేలు సగం ఖాళీగా వేలాడితే, లోపలికి మడిచి దబ్బనంతో కుట్టేసింది. ఆ రోజు పిండి ఆమె తూచింది, ముద్ద ఆయన చేశాడు. ఓవెన్ దగ్గర ఆమె తన చేత్తో ఆయనకు గ్లౌజులు తొడిగింది.

"వేళ్ళు సూసుకోండి. నా మొకం కాదు."

ఆయన వేళ్ళనే చూసుకుంటూ నా మూత ఎత్తాడు. మూత పదిలంగా పీట మీదికి చేరింది. తర్వాత నేనూ.

రొట్టె చల్లారాక కోసి, మొదటి ముక్క మార్తమ్మకు ఇచ్చాడు.

"ఎలగుంది?"

"నములుతున్నాను, ఆగండి."

రొట్టె చల్లారినా నా ఇనుము ఇంకా చల్లారలేదు. గ్లౌజులు తీసేసిన ఆయన చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని, నేను పూర్తిగా చల్లబడేదాకా ఆమె వాటిని వదల్లేదు.