స్పేసర్ లేని చక్రం

నవీన నడిపే బైకు ముందు చక్రంలో నాలుగు రోజులుగా గరగరమని ఒకటే చప్పుడు. ఆదివారం ఉదయం ఆమె భర్త రాఘవేందర్ అమీర్‌పేటలోని తమ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ చక్రం విప్పాడు. మైత్రీవనంలోని ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్లు చూసే అతనికి బండి పనంటే ప్రాణం. రెండు నెలల కిందట ఈ చక్రానికి కొత్త బేరింగులు వేసింది తనే. ఇంతలోనే పాడయ్యాయంటే నకిలీ సరుకు అంటగట్టి ఉంటారని దుకాణదారును తిట్టుకున్నాడు.

కడ్డీ ఆనించి సుత్తితో కొట్టాడు. బేరింగ్ ఊడి, తుప్పు రంగు పొడితో పాటు ఉక్కు గుండ్లు నేలమీద రాలాయి. దాని వెనకే స్పేసర్ గొట్టం జారి రావాలి. ఇరుసు ఎంత బిగించినా రెండు బేరింగులూ నలిగిపోకుండా మధ్యలో ఆపేది అదే. చక్రాన్ని వంచాడు. ఏమీ రాలేదు. వేలు పెట్టి చూశాడు. ఖాళీ.

పనిముట్ల డబ్బా బోర్లించాడు. అడుగున పాత గుడ్డలో చుట్టిన గొట్టం కనిపించింది. తుడిచి పక్కన పెట్టింది తనే. తిరిగి వేయడం మరచిందీ తనే.

రాఘవేందర్ అక్కడే కూలబడ్డాడు. ఏడేళ్ల కూతురు రాగసుధను బడికి దింపేందుకు వెనక కూర్చోబెట్టుకుని నవీన రోజూ పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేది ఈ బండి మీదే.

చాయ్ తెచ్చిన నవీన ఆగిపోయింది. "గట్ల కూసున్నవేంది? చేతికి తాకిందా?"

గొట్టం చూపించి చెప్పాడు. "చక్రం నడిరోడ్డు మీద పట్టేస్తుండె నవీనా. నా చేతులతోనే మిమ్మల్ని..."

ఆమె నేలమీద గుండ్లకేసి చూసింది. ఉన్నట్టుండి తలెత్తింది.

"గా దినమే అనుదీప్ బండికి సుత బేరింగులు నువ్వే ఏసినవ్ గద?"

అనుదీప్ మూడో అంతస్తులో ఉంటాడు. ఆ చక్రంలో గొట్టం పెట్టాడో లేదో గుర్తురాక రాఘవేందర్ అతనికి ఫోన్ కలిపాడు. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి పలికాడు.

"అన్నా, లక్డీకాపూల్ కాడున్న. అమ్మను చుట్టాలింటికి తీస్కపోతున్న."

"బండి పక్కకు ఆపు! అమ్మను దింపు. నేనొచ్చేదాక కదలకు!"

పనిముట్లు సంచిలో వేసుకుని ఆటోలో పరుగెత్తాడు. ఫుట్‌పాత్ పక్కనే బండి నిలిపి ఇరుసు లాగాడు. ఫోన్ లైటు వేసి రంధ్రంలోకి చూశాడు. గొట్టం ఉంది. అయినా మరోసారి వంగి చూశాడు.

"నువ్వు చేసినవంటే మంచిగనే ఉంటది బిడ్డా. ఊకె పరేషానయితున్నవ్" అంది అనుదీప్ తల్లి పోచమ్మ.

ఆ మాటకు అతను తలెత్తలేకపోయాడు. "లేదమ్మా. మా బండిల మర్చిపోయిన. దాని మీద నా బిడ్డ తిరిగింది."

అనుదీప్ తమ్ముడిలా వంగి అతని భుజం పట్టుకుని లేపాడు.

సాయంత్రం కొత్త బేరింగులు వేస్తుంటే నవీన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఒక్కొక్కటి నేను అందిస్త. నాకు చూపియ్యకుండ ఏదీ బిగించకు."

"సరే" అన్నాడు.

పని అయ్యాక అతనే బండిని పంజాగుట్ట దాకా రెండుసార్లు నడిపి వచ్చాడు. చక్రం నిశ్శబ్దంగా తిరిగింది. అయినా ఆ వారమంతా నవీన రాగసుధను ఆటోలోనే బడికి పంపింది. ఎందుకని రాఘవేందర్ అడగలేదు.