మినహాయింపు పోయిన సొరంగం

ఫోన్ ఎత్తగానే బావ నవ్వు వినిపించింది.

"మరదలా, మీ సాఫ్ట్‌వేర్‌కి ఇవాళ బుద్ధొచ్చింది. పొద్దున్నించి ఒక్కసారి కూడా సైరన్ కూయలేదు. చెవులు చల్లబడ్డాయనుకో!"

ఆమె నవ్వబోయి ఆగింది.

బావ సొరంగం తవ్వే చోట ఫోర్‌మన్. అక్కడా, మిగతా సైట్లన్నిటిలోనూ మండే గ్యాస్, పేలే మోతాదులో ఎంత శాతానికి చేరితే సైరన్ మోగాలో చెప్పేవి ఆమె డిజైన్ చేసిన రెండు టేబుళ్ళు, అంటే అంకెల పట్టికలు. ఒకదాంట్లో అందరికీ వర్తించే అంకె ఉంటుంది. రెండోదాంట్లో మినహాయింపులు. ఏ సైటుకైనా తనదంటూ ఒక వరుస ఉంటే అందులోని అంకే చెల్లుతుంది, లేకపోతే అందరి అంకె. ఈ పుణ్యానికే ఆఫీసులో ఆమెకు టేబులమ్మ అని పేరు పడింది.

పోయిన వారం టేబులమ్మకు శుభ్రం చేసే పిచ్చి పట్టింది. మినహాయింపుల్లో కొన్ని వరుసల్లో అందరి అంకే, అంటే పదే, కనిపించింది. అందరితో సమానమైతే ఇంకెక్కడి మినహాయింపు? దండగ అనుకుని, మేనేజర్ చేత సరే అనిపించుకుని ఊడ్చి పారేసింది. ఈ ఉదయం, సైరన్లు ఊరికే గోల పెడుతున్నాయని మేనేజర్ అందరి అంకెను ఇరవై చేశాడు. దాంతో, వరుస పోయిన సైట్లకీ ఇప్పుడు ఇరవయ్యే.

"బావా, మీకు పదే కావాలని ఎవరైనా పట్టుబట్టారా?"

"పట్టుబట్టక? పక్కనే పాత బొగ్గు పొర. ఎవరేం మార్చుకున్నా మాది పది దాటకూడదని మా సేఫ్టీ ఆయన మీవాళ్ళ ప్రాణం తోడేశాడుగా. ఏం?"

"బయటికి రా. అందరినీ తీసుకురా!"

"మీ అక్క చెప్పమందా? ఇప్పుడే వెల్డింగ్ మొదలెడుతున్నాం..."

"నిప్పు ముట్టించొద్దు బావా!"

లైన్ తెగింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆమె మీటింగ్ గది తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. నడుస్తున్న టేబుల్‌ను మేనేజర్ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

"సర్, సొరంగానికి వెంటనే పది పెట్టాలి."

"సాయంత్రం చూద్దాం తల్లీ, దానికో పద్ధతి..."

"మా బావ లోపలున్నాడు సర్!"

ఆయన ముఖంలో రంగు మారింది. "పెట్టెయ్. పెట్టెయ్."

ఆమె బల్ల మీది ల్యాప్‌టాప్ లాక్కుంది. సైటు పేరు తప్పు కొట్టింది, చెరిపి మళ్ళీ కొట్టింది. సొరంగం, పది. మరుక్షణం, సైట్లన్నీ చుక్కలుగా కనిపించే గోడ మీది తెరపై సొరంగం చుక్క ఎర్రబడింది. లోపల గ్యాస్ అప్పటికే పద్నాలుగు.

ఫోన్ మోగేదాకా ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు.

"బయటే ఉన్నాం." బావ రొప్పుతున్నాడు. "నువ్వు అరిచిన అరుపుకి వెల్డర్ చేతిలోది లాగేశాను. వాడు నన్ను తిడుతుంటే సైరన్ మోగింది. ఇక చూడు పరుగు! మీ అక్కకి మాత్రం చెప్పకు."

"హమ్మయ్య," అంటూ మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు. "కాసిని మంచినీళ్ళు తాగమ్మా."

ఆమె కదల్లేదు. "సొరంగం ఒక్కటే కాదు, నేను ఊడ్చిన వరుసలు ఇంకా ఉన్నాయి సర్. ఎవరు కావాలని పది పెట్టుకున్నారో, ఎవరు ఊరికే పెట్టారో నాకు తెలీదు. అందరి అంకెనీ పదికి దించేయండి."

"దించితే సైట్లన్నీ నా మీద పడతాయి!"

"పడనివ్వండి."

ఆయన పళ్ళు నూరుతూనే అంకె మార్చాడు. తెర మీద, ఎక్కడో రేవు పక్కన, ఇంకో సైటు చుక్క ఎర్రబడింది.