ముందు బ్రేకు బరువు

ఛత్రినాకలో మెకానిక్ ఓదెలు తన బావమరిది మురళి బండిని తిన్నని రోడ్డు మీద జరిగే డ్రాగ్ రేసుకు సిద్ధం చేస్తున్నాడు. కొత్త ఇంజను కొనే స్తోమత లేదు కనుక బరువు తగ్గించి వేగం పెంచాలని సీటు కోశాడు, మడ్‌గార్డులు విప్పాడు.

"ముందు బ్రేకు గూడ తీసెయ్ బావా, ఇంకింత హల్కా అయితది," అన్నాడు మురళి.

ఓదెలు పానా కింద పెట్టాడు. రేసు ముగింపు గీత దాటాక బండిని నిలిపేది ముఖ్యంగా ఆ బ్రేకే.

"హల్కా గావాల్నా? మీ అక్క వండే పాయా బంద్ చెయ్. నీ పొట్టే బ్రేకుకన్నా బరువుంది."

"గట్లయితే ఓడిపోత బావా!"

"ఓడితే నేను నవ్వుత, అంతే. బండి ఆగకుంటే మీ అక్కకు ఏం జెప్పాలె?"

మురళి హ్యాండిల్ పట్టుకున్నాడు. తానే బ్రేకు నొక్కి చూశాడు.

"కేబుల్ లూజుంది బావా. జర టైట్ చెయ్యి."