రోకలి చుట్టుకోదు

జగ్గయ్యపేట టూరింగు టాకీసు డేరాలో జనం విరగబడి నవ్వుతున్నారు. తెరమీద పిచ్చివాణ్ణి గొలుసుతో కట్టి కొరడాతో బాదుతున్నారు. వాడు కుక్కవలె మొరుగుతున్నాడు. కడపట దుర్మార్గుడొకడు దుడ్డుకర్రతో నెత్తిన మోదగానే కళ్లు నులుముకొని, "నేనెక్కడ ఉన్నాను?" అన్నాడు. ఈలలు మిన్నుముట్టాయి.

తిరుపతిరావు నవ్వలేదు. అతని మణికట్ల మీది మచ్చలు అటువంటి గొలుసువే. గొడ్లసావిట్లో ఆరునెలలు, మద్రాసు ఆసుపత్రిలో పదినెలలు గడిపి, దైవకృపవల్ల స్వస్థుడై వచ్చి ఏడాది కావస్తున్నది. అయినా భార్య రత్నమణి, కూతురు నందిగామలోనే ఉన్నారు. అన్న జగన్నాథరావు "కుదిరింది" అని స్వదస్తూరీతో కార్డు రాస్తేనే పంపుతానని మామగారి పట్టు.

"చూశావుట్రా? మందుల్తో సగమే పోద్ది. మిగతాది దెబ్బతోనే పోవాలి," అన్నాడు జగన్నాథరావు.

"అది బొమ్మ అన్నయ్యా!"

"బొమ్మైతే? ఊరికే తీస్తారా?"

మర్నాటి ఉదయం తిరుపతిరావు నూతిగట్టున ముఖం కడుక్కుంటూ ఉండగా వెనుకనుంచి రోకలి పడింది. నెత్తి చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. రెండవ దెబ్బకు భుజం కలుక్కుమన్నది. మూడవదానికి అతడు గిరుక్కున తిరిగి, రోకలి గుంజుకొని పైకెత్తాడు. ఎదుట అన్న గుడ్లు తేలవేశాడు.

"తిరగబడ్డాడు! గొలుసు తెండయ్యా!" పాలేరు పుల్లయ్య కేక పెడుతూ తానే పోయి గొలుసు తెచ్చాడు.

క్రోధము విషమువలె ఒళ్లంతా పాకింది. కొట్టినవాడు అన్న, కొడితే మాత్రం తాను పిచ్చివాడు. రోకలి దిగితే నందిగామ దారి మూసుకుపోతుంది. తిరుపతిరావు పళ్లు బిగించి, దానిని మెల్లగా నేలమీద పెట్టి, చతికిలబడ్డాడు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట వెనకటికొకడు. ఇది చుట్టుకోదు గానీ అన్నయ్యా, నీ కండువా ఇటివ్వు."

పుల్లయ్య గొలుసు జారవిడిచాడు. "మరైతే పిచ్చి ఎవరికండీ?" అని నాలుక కరచుకున్నాడు.

జగన్నాథరావు ఏడుస్తూ కండువా చింపి కట్టు కట్టాడు. పిమ్మట కార్డు తెచ్చుకొని, తన చేతితోనే "కుదిరింది" అని రాశాడు. ఆ చేతికంటిన తమ్ముడి నెత్తురు అక్షరాల పక్కన మరక అయింది.

తిరుపతిరావు వంగి చూశాడు.

"చేతులు కడుక్కుని ఇంకో కార్డు రాయి అన్నయ్యా. ఇది చూస్తే రత్నమణి బెదురుద్ది."