ఆకులు రాల్చే గొంతు

నాటకం జరిగిన మరుసటి పొద్దున పద్మావతికి పని ఎక్కువ. చెమటపట్టిన రాజుల అంగీలు ఉతికి ఆరేయాలి. కిరీటాలకు ఊడిపోయిన అద్దాలు అతికించాలి. అట్ట గదలకు పడిన సొట్టలు తీయాలి. అవన్నీ అయ్యాక అడవి తెరను అంగడి ముందర పరిచి, చుట్టినప్పుడు లోపల ఇరుక్కున్న ఆకులు దులిపి ఊడ్చాలి. ఊడుస్తూ, వాటిని రాల్చిన గొంతును తిట్టాలి. ఆ చివరి పని ఆమె శ్రద్ధగా చేసేది.

పుంగనూరులో నాటకాల డ్రెస్సులు, తెరలు బాడుగకిచ్చే అంగడి ఆమెది. అడవి తెర ఆమె నాయన చేత్తో గీసింది. వేప, కానుగ, మద్ది, నడుమ ఒక కాలిబాట, వెనక కొండలు. ఆ తెర ముందర ఎవరైనా శ్రుతి తప్పి పాడితే చెట్ల నుంచి ఆకు రాలుతుంది. నాయన కాలంలో ఏడాదికి గుప్పెడు రాలితే ఎక్కువ. పచ్చగా, కాస్త రంగు వాసనతో ఉండే ఆ ఆకంటే మేకలకు ప్రాణం.

మదనపల్లె టమాటా మండీ కమీషన్ ఏజెంటు భానుప్రకాశ్ రాజు వేషం కట్టడం మొదలుపెట్టాక ఆకు గంపలకెక్కింది. తొంభైలలో గంపలు, తర్వాత గోతాలు.

రాజ్యం పోగొట్టుకుని పెళ్లాంబిడ్డతో అడవి పట్టిన రాజు కథ ఆ నాటకం. అంత కష్టంలో ఉన్న మనిషి చెవి మీద చెయ్యి పెట్టుకుని, జనంలో తన మండీవాళ్లు ఎక్కడ కూర్చున్నారో వెతుక్కుంటూ, పద్యం చివరి అక్షరం పట్టుకుని రాగం లాగేవాడు. జనం బయటికి పోయి టీ తాగి, బీడీ కాల్చి తిరిగొచ్చినా ఆ అక్షరం ఇంకా చావకుండా మూలుగుతూ ఉండేది. అంతా అయ్యాక ‘వన్స్ మోర్’ అని కేకలు. ఆయన సిగ్గుపడుతున్నట్టు తల వంచి, ఎవరైనా ఆపుతారేమోనన్న భయంతో వెంటనే మళ్లీ అందుకునేవాడు.

ఆకులు ఎందుకు రాలుతున్నాయన్న దాని మీద జనం ఎప్పుడో ఒక తీర్మానానికి వచ్చేశారు. ఆయన పాటకు చెట్లు కరిగిపోతున్నాయి, అందుకే రాలుస్తున్నాయి. ఎంత ఆకు రాలితే అంత గొప్ప గాయకుడు. కుప్పంలో ఒక సంఘంవాళ్లు శాలువా కప్పి ‘తరుద్రావక గానగంధర్వ’ అని బిరుదు కూడా ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో ఒక్కడికీ నోరు తిరగలేదు.

“కరిగీ కాదు, మరిగీ కాదు,” అనేది పద్మావతి. “జబ్బు సేసి రాలుస్తాండాయి.”

నాటకాల మీద ఆమె మాటలు ఎవరికీ గిట్టేవి కావు. రాజుల్లో సగంమంది డబ్బు కట్టి వేషం కొనుక్కున్నవాళ్లేననీ, హార్మోనియం అంత గట్టిగా వాయించేది పాటను వినిపించడానికి కాదు, దాచడానికనీ, నడుమ రికార్డు పెట్టి డాన్సులేసే పిల్లలే ఆ స్టేజీ మీద నిజంగా చెమటోడ్చే మనుషులనీ ఆమె పెళ్లి పందిళ్లలో కూడా చెప్పేది. భానుప్రకాశ్ గొంతు టమాటా వేలం పిలిచేటప్పుడు మాత్రం చక్కగా శ్రుతిలో ఉంటుందని ఆమె మెచ్చుకుంటే, ఆయన అది కూడా తిట్టే అనుకున్నాడు. కాదు. నిజంగానే మెచ్చుకుంది.

రెండువేల రెండులో వానలు ముఖం చాటేశాయి. కురబలకోట వైపు గొర్రెలు, మేకలు మేపుకునేవాళ్లకు ఎండు కసువు కూడా దొరకలేదు. వాళ్లు టెంపోలు మాట్లాడుకుని, గోతాలు వేసుకుని, భానుప్రకాశ్ ఎక్కడ పాడితే అక్కడికి వచ్చి ముందు వరసలో కూర్చునేవారు. వన్స్ మోర్ కేకల్లో వాళ్లవే పెద్దవి. పద్మావతి వాళ్లను ఏమీ అనలేదు. వాళ్లది మేకల ఆకలి. శాలువాలు కప్పే టౌనువాళ్లకు ఏం రోగమని ఆమె కోపం.

ఆ నాటకంలో రాణి వేషం సుమతిది. శాంతిపురంలో గ్రానైటు రాయి కోసే మనిషి కూతురు. అడవిలో ఆకలికి ఏడుస్తున్న బిడ్డను నిద్రపుచ్చే జోలపాట ఒక్కటే ఆమెకు. ఆ పాట పాడినంతసేపూ తెర మీద ఒక్క ఆకూ కదిలేది కాదు. ముందు వరస గోతాలు మడుచుకుని ఆవలించేది.

ఒక రాత్రి ఆట ముగిశాక నాటకం కంపెనీ యజమాని గంగాధరం హార్మోనియం మూసి నిలదీశాడు. “ఏం పాడినావు మే? ఒక్క ఆకన్నా కదిలిందా? చెట్టుక్కూడా పట్టని పాట మనిషికేం పడతాది?”

“శ్రుతిలోనే పాడినా కదన్నా.”

“శ్రుతి ఎవరిక్కావల్ల? కుప్పంలో గూడా ఇట్లే అయిందంటే రాణిని మార్చేస్తా. ముందే సెప్తాండా.”

వేషం పోతే ఏమవుతుందో సుమతికి తెలుసు. బెంగుళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో అన్న మాట్లాడి పెట్టాడు. అక్క అక్కడే చేస్తోంది. మిషన్ల మోతలో ఉండి ఉండి అక్క ఇప్పుడు ఇంట్లో నీళ్లడిగినా అరిచినట్టే అడుగుతుంది. ఒకప్పుడు ఇద్దరూ కలిసే పాడుకునేవారు.

కుప్పం నాటకం ఆదివారం. ఆ ముందు వారంలో సుమతి జాకెట్టు కొలతకని పుంగనూరు వచ్చింది. అడవి తెర అంగట్లో గోడకు వేలాడుతోంది. అప్పటికే సగం కొమ్మలు బోసి.

“అక్కా, ఆయన మాదిరి పాడేది నాకు నేర్పించు,” అంది.

“దాంట్లో నేర్చుకునేదేముండాది? నేర్చుకున్నది మర్చిపో, సాలు.”

“ఎగతాళి సేయొద్దక్కా. ఆకు రాల్లేదంటే సోమవారం బెంగుళూరు బస్సే నాకు.”

పద్మావతి కత్తెర కింద పెట్టింది. “అట్లయితే పాడు. కావాలనే తప్పు. సూస్తాం.”

సుమతి జోలపాట ఎత్తుకుంది. పాదం చివర, స్వరం నిలవాల్సిన చోట, కళ్లు గట్టిగా మూసుకుని కొంచెం కిందికి జార్చింది. వేపచెట్టు నుంచి ఒక ఆకు రాలి ఆమె కాలి మీద పడింది. నిప్పు పడినట్టు సుమతి ఎగిరిపడింది.

“పడింది కదా,” అంది పద్మావతి, సూదిలోకి దారం ఎక్కిస్తూ. “ఉద్యోగం నిలిచింది. ఆదివారం గూడా ఇట్లే పాడు. పోను పోను అలవాటైపోతాది. ఆయనకు కాలేదా?”

“తిడతాండావా, దోవ సెప్తాండావా?”

“రెండూ వేరే వేరే అని నీకెవరు సెప్పినారు?”

సుమతి ఆ ఆకు తీసి, కొమ్మకు ఆనించి, ఎంగిలితో అతికించాలని చూసింది. నిలవలేదు. కొలత ఇవ్వకుండానే వెళ్లిపోయింది.

రాత్రి కరెంటు ఉండదని కుప్పంలో నాటకం మధ్యాహ్నమే మొదలుపెట్టారు. భానుప్రకాశ్ మెడలో దండలతోనే అడవికి ప్రవేశించాడు. వనవాసానికి పోయే రాజుకు బంతిపూల దండలెందుకని అడిగేవాడు లేడు. మొదటి రాగానికే కానుగ ఆకంతా దులిపేసింది. గోతాలు విప్పారు. వన్స్ మోర్. వేప పోయింది. వన్స్ మోర్. మద్దిచెట్టు చిటారుకొమ్మన మిగిలిన ఆకులు కూడా తిరుగుతూ తిరుగుతూ దిగాయి. ఆయన చెయ్యి చెవి మీంచి తీయకుండా ఇంకొక రాగం లాగాడు.

ఏమీ రాలలేదు.

ఇంకా పైకి లాగాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. తెర మీద బోడి కొమ్మలు, వెనక కొండలు, అంతే.

“గొంతు పోయిందప్పా మనిషికి,” అన్నాడు ముందు వరసలో ఒకడు.

“అవును, ముందు మాదిరి ల్యా,” అన్నాడు శాలువా సంఘం అధ్యక్షుడు.

ఆయన గొంతు ఏళ్ల తరబడి ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని సంగీతమని నమ్మినవాళ్లు ఆకు అయిపోయిన నిమిషంలోనే నమ్మకం మార్చుకున్నారు. జనం లేచి గోతాల మూతులు కట్టుకోవడంలో పడ్డారు.

భానుప్రకాశ్ తెర పక్కకు వచ్చి పద్మావతి మీద విరుచుకుపడ్డాడు. “తెర పాతబడిందమ్మా! కొత్తది పెట్టుకోవల్ల మీరు!”

“తెర కాదు నాయనా, అడవి అయిపోయింది. ఇంగ కొండలుండాయి. దయసేసి వాటి మీద పడొద్దు.”

సుమతి ప్రవేశానికి సిద్ధంగా అక్కడే నిలబడి ఉంది. ఎక్కడ స్వరం జార్చాలో పొద్దుటి నుంచీ గుర్తు చేసుకుంటోంది. తల తిప్పి తెర చూసింది.

“అక్కా, ఆకే లేదే.”

“లేదు.”

“ఇప్పుడు తప్పు పాడినా రాలేదానికి ఏమీ లేదు.”

“ఏమీ లేదు.”

సుమతి ముఖంలో వారం రోజుల బిగువు వదిలింది. “ఎట్లయినా బెంగుళూరే కదా,” అని నవ్వి, చీర కుచ్చిళ్లు సర్దుకుని స్టేజీ మీదికి వెళ్లింది.

గంగాధరం హార్మోనియం వదిలేసి జనాన్ని ఆపడానికి పరుగెత్తాడు. అది లేకపోవడమే మేలయింది. సుమతి బట్టల మూటను బిడ్డలా ఒడిలో వేసుకుని, గోడ అవతల ఉన్నవాళ్లకు వినిపించాలన్న ఆరాటం లేకుండా పాడింది. అడవి పడుకుంది, కొండ పడుకుంది, ఆకలి కూడా కాసేపు పడుకుంటుంది, నువ్వూ పడుకో అని పాట. వేప కొమ్మ చివర ఎర్రగా ఏదో కదిలింది. తర్వాత కానుగ మీద. చీమ కాళ్లంత చిగుళ్లు.

పోయేవాళ్లలో ఒకరిద్దరు తిరిగి చూశారు. “సిగురా? ఒక్క మేక నోటిక్కూడా సాలదు,” అనుకుంటూ పోయారు. టెంపోలు హారన్లు కొట్టాయి. కుర్చీల బాడుగవాడు కుర్చీలు మడిచాడు. పాట సగంలో ఉండగానే ఎవరో ముందు తెర లాగేశారు. ముందు వరసలో గంగులప్ప అనే మేకలాయన మాత్రం మూతి కట్టని గోతాం పట్టుకుని నిలబడే ఉన్నాడు. వాళ్ల ఊరివాళ్లు పిలుస్తున్నా కదల్లేదు.

గంగాధరం చిగుళ్లను వేళ్లతో తడిమి చూశాడు. అతనిది గొప్ప బుర్ర.

“మేయ్ సుమతీ, వేషం పోయినా నీకు పని ఉండాది. నాటకానికి ముందర నువ్వు తెరకాడ కూర్చోని పాడు. సిగురేసి ఆకవుతాది. మళ్లా ఆయనొచ్చి రాలుస్తాడు.”

“ఆహా! ఒకరు ఎరువు, ఒకరు కొడవలి,” అంది పద్మావతి. “తెర నాది గంగాధరం. నీ మహారాజును ఇంగ సున్నం గోడ ముందర నిలబెట్టుకో. పెచ్చులు రాలితే మేకలకు నువ్వే పెట్టు.”

సోమవారం పొద్దున కుప్పం బస్టాండులో పద్మావతి ఇంటికి పోవడానికి పలమనేరు బస్సు కోసం కూర్చుంది. చుట్టిన తెర బెంచీకి ఆనించి ఉంది. పక్కన సుమతి, ఆమె సంచి. ఓదార్చడం పద్మావతికి చేతకాదు.

గంగులప్ప వెతుక్కుంటూ వచ్చాడు.

“ఆకు లేదప్పా, పో,” అంది పద్మావతి.

“ఆకుకు రాలేదమ్మా.”

“గోతాం యాడ?”

“టెంపోలో పంపిచ్చేసినా.” అతను తువ్వాలు మెలిపెడుతూ సుమతి వైపు తిరిగాడు. “పాపా, ఆ బిడ్డ నిద్రపోయినాడా?”

“ఏ బిడ్డప్పా?”

“నీ పాటలో బిడ్డ. ఆకలికి ఏడుస్తాండాడే, వాడు. నడుమలో తెర లాగేసిరి. నాకు ఇంగ కన్ను మూతపడలేదు. మా ఇంటికాడ గూడా చిన్నోడుండాడు. నిద్రపోయినాడా లేదా సెప్పు.”

“అది సెప్పేది కాదప్పా. పాడల్ల.”

“అయితే మా ఊరికి వచ్చి పాడతావా? ఆడోళ్లంతా వింటారు. మేకల్ని కట్టేస్తాం.”

సుమతి పద్మావతి ముఖం చూసింది. పద్మావతి బస్సుల వైపు చూస్తోంది.

“ముందు ఈయనకు పాడు,” అంది, తల తిప్పకుండానే. “ఆగిన కాడ్నుంచి వద్దు. మొదట్నుంచి.”

బెంగుళూరు బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. సుమతి సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకుని పాట ఎత్తుకుంది. రెండో పాదానికి వచ్చేసరికి చుట్టిన తెర ఉబ్బి, కట్టిన తాడు కిర్రుమంది. పద్మావతి వంగి ముడి వదులు చేసింది.

“బెంగుళూరు, బెంగుళూరు! ఎక్కేవాళ్లు ఎక్కండమ్మా!” అని కండక్టరు వాళ్ల బెంచీ దగ్గరికే వచ్చి అరిచాడు. గంగులప్ప అతనికి నోటి మీద వేలు పెట్టి చూపించాడు. కండక్టరు ఒక పాదం విని, పోయి రైట్ అన్నాడు.

బస్సు కదిలింది. పాటలో బిడ్డకు ఇంకా నిద్ర పట్టలేదు.