ఒకే ఇంటికి రెండు ఉత్తరాలు

ఉత్తరాలు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. పెళ్ళిపత్రికలు, సన్మానపత్రాలు, సంతాప తీర్మానాలు అన్నీ ఈ చేతి మీదుగా వెళ్ళినవే. అందుకే ఎన్నికల ఫలితాలు వచ్చిన ఆరో రోజున మా వదిన "ఇక నువ్వే ఓ ఉత్తరం రాయాలి" అన్నప్పుడు, ఇంత ఆలస్యంగా అడిగినందుకు కాస్త కోపం కూడా వచ్చింది.

మా వదినది చిన్న సేవాసంఘం. కిడ్నీలు పాడైనవాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకుని డయాలసిస్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంట్లో దించడం, అంతే పని. రోగులు పదకొండుమంది. సొంత కార్లేసుకుని సాయానికొచ్చే సభ్యులు ఇరవైతొమ్మిదిమంది. ఒకప్పుడు వీళ్ళంతా వాట్సాప్ గ్రూపులో 'రేపు నేనొస్తా' అని రాసుకునేవాళ్ళు. ఎన్నికలొచ్చాక అదే గ్రూపులో ఒకళ్ళనొకళ్ళు ఏకిపారేసుకున్నారు. గెలిచినవాళ్ళు మిఠాయి బొమ్మలు పెట్టారు, ఓడినవాళ్ళు గ్రూపులోంచి లేచిపోయారు. సగం కార్లు కదలడం మానేశాయి.

"రాజకీయం జోలికి పోకు. ఎవరికి ఎప్పుడు బండి కావాలో రాయి, చాలు," అంది వదిన.

అంత చప్పిడి ఉత్తరం నేను రాయడమా! మనిషి మనసెరిగి రాయాలి కదా. అందుకని రెండు రకాలు రాశాను. గెలిచినవాళ్ళకి, 'మీవంటి దూరదృష్టి గలవారి విజయం మాకూ పండగే' అని. ఓడినవాళ్ళకి, 'ఈ గడ్డురోజుల్లో మీ బాధే మా బాధ' అని. ఎవరు ఎటువైపో నాకు తెలియనిదా? మందుల షాపులో, లిఫ్టులో విన్నవన్నీ నా బుర్రలో భద్రంగా ఉన్నాయి. వదినకి చూపించకుండా, మంగళవారం సాయంత్రం నేనే వీధులన్నీ తిరిగి గుమ్మాల్లో వేసి వచ్చాను.

డ్రాయింగు మాస్టారింట్లో రెండు వేశాను. ఆయన బండి నడుపుతారు. నర్సుగా పనిచేసి రిటైరైన ఆయన భార్య రోగి పక్కన కూర్చుంటారు. ఆవిణ్ణి అందరం నర్సమ్మగారనే అంటాం. మాస్టారికి సంబరం ఉత్తరం, ఆవిడకి ఓదార్పు ఉత్తరం.

బుధవారం మధ్యాహ్నం నర్సమ్మగారు ఫోన్ చేశారు.

"నేనెవరికి ఓటేశానో నీతో ఎక్కడ చెప్పాను?"

"మందుల షాపులో అండీ."

"చెవిలో చెప్పానా, మైకులో చెప్పానా?"

"చెవిలోనే."

"ఈయనతో ఏం చెప్పానో తెలుసా? మీరు వేసినవాళ్ళకే వేశానని చెప్పా. ఆ రోజు ముచ్చటపడి కాఫీ కూడా పెట్టిచ్చారు. ఇప్పుడు నీ ఉత్తరం పట్టుకుని, ముప్ఫైనాలుగేళ్ళలో ఇంకేం దాచావని అడుగుతున్నారు. రేపు మా బండి రాదు."

రేపు పొద్దున్న ఆరింటికి ఆ బండి ఎక్కాల్సింది దర్జీ. వారానికి మూడుసార్లు డయాలసిస్ అతనికి. ఆ మధ్య ఒక్కసారి తప్పితే కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక రెండు రాత్రులు కూర్చునే గడిపాడు. టాక్సీ ఎక్కిద్దామంటే, తిరిగొచ్చేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోతాడు, పక్కన తెలిసిన మనిషి ఉండి తీరాలి. నేను వెళ్దామా అంటే, రక్తం చూస్తే అతనికన్నా ముందు నేనే పడతాను. నిజంగా భయం వేసింది. పదిహేనుమందికి ఫోన్ చేశాను. ఎత్తింది ఒకాయనే. ఓదార్పు ఉత్తరం అందిన ఆ పెద్దమనిషి అసలు గెలిచినవైపట. "నాకేం బాధమ్మా, నాకే తెలీదే!" అని పెట్టేశాడు.

చివరికి వదినకి చెప్పక తప్పలేదు. ఆవిడ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పద, కడుక్కుందువుగాని," అంది.

మేం వెళ్ళేసరికి మాస్టారు ముందుగదిలో, నర్సమ్మగారు వంటింట్లో ఉన్నారు. రెండింటి మధ్య గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే, నాకు బుద్ధిలేదు," అన్నాను.

"దూరదృష్టా?" అన్నారు మాస్టారు, ఉత్తరం ఊపుతూ. "ఇప్పటికి మూడు కళ్ళజోళ్ళు మార్చాను. పొగిడితే తప్ప బండి తియ్యననుకున్నావా?"

"నా బాధే నీ బాధా?" అన్నారు వంటింట్లోంచి నర్సమ్మగారు. "ఓడిపోయానని నీ దగ్గరకొచ్చి ఏడ్చానా?"

"ఇద్దర్నీ చిన్నపిల్లల్ని చేసింది."

"అదే నేనూ అంటున్నా."

మధ్యాహ్నం గొడవయ్యాక ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. నన్ను తిట్టడంలో అరగంటసేపు చక్కగా మాట కలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"నన్నెంతైనా తిట్టండి. దర్జీ మాత్రం రేపు ఆరింటికి గేటు దగ్గర నిలబడతాడు. బండి రాదని నేనింకా చెప్పలేదు," అన్నాను.

గురువారం ఆరింటికి దర్జీ పక్కన నేనూ నిలబడ్డాను. ఆరూ అయిదుకి బండి మలుపు తిరిగింది. ముందు మాస్టారు, వెనక నర్సమ్మగారు. దారంతా దర్జీయే రాయబారి అయ్యాడట. "అమ్మగారు అద్దం పైకెత్తమంటున్నారండీ." "సారు చలేస్తోందా అంటున్నారండీ."

సాయంత్రం వదిన నన్ను దర్జీ ఇంటికి తరిమింది. "ఈసారి అతను చెప్తాడు, నువ్వు రాయి. నీ కవిత్వం ఒక్క ముక్క కలిసినా ఊరుకోను."

అతను చెప్పాడు, నేను రాశాను. 'గురువారం బండి వచ్చింది. నాలుగు గంటలు మిషన్ మీద ఉన్నాను. ఇంటికొచ్చి ఒక చొక్కా కుట్టాను. శనివారం మళ్ళీ వెళ్ళాలి. నాలాంటివాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు.'

"చొక్కా సంగతి ఎందుకూ?" అన్నాను, నోరు ఊరుకోక.

"కుట్టాను కదమ్మా," అన్నాడు.

అందరికీ అదే ఉత్తరం వెళ్ళింది. మాస్టారింటికి మాత్రం రెండు పేర్లతో ఒకటే కవరు.

శనివారం ఆరింటికి దర్జీ గేటు ముందు మూడు కార్లు ఆగాయి. ఒకటి గ్రూపులోంచి లేచిపోయినాయనది, ఒకటి మిఠాయి బొమ్మలు పెట్టినావిడది, ఒకటి మాస్టారిది. ముగ్గురూ తలుపులు తీసి పట్టుకున్నారు. దర్జీ చంకలో సంచీతో మూడింటినీ మార్చి మార్చి చూశాడు.

"మళ్ళీ నా చేత ఓటేయిస్తున్నారేంటమ్మా?" అన్నాడు నాతో.

మిగతా ఇద్దరికీ వేరే ఇళ్ళు చూపించడానికి వదిన అప్పుడే జాబితా తీసింది. నర్సమ్మగారు మాత్రం బండి దిగి వచ్చి, దర్జీ సంచీ అందుకున్నారు.

"నీకు నచ్చినది ఎక్కు నాయనా," అన్నారు. "ఎవరిదెక్కావో ఈవిడతో మాత్రం చెప్పకు."